సూది మొనకు చూపు: కణితుల వేటలో ఆప్టికల్ ఫైబర్
(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వాళ్లకి మైకు వినిపిస్తోందా? సరే.

ముందు వరసలో ఒకరి చేతికి నల్ల కాగితం ఇచ్చాను. దాని మీద టేపుతో అంటించిన సన్నటి పోగు ఒకటి ఉంటుంది. చూసి పక్కవాళ్లకి అందించండి. టేపు మాత్రం పీకకండి. అది గాజు. విరిగి వేల్లో దిగిందంటే ముక్క కంటికి కనపడదు, గుచ్చుకుంటున్నట్టు మాత్రం తెలుస్తూనే ఉంటుంది. దాని మందం 125 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. మన వెంట్రుక కంటే కాస్త లావు. ఆప్టికల్ ఫైబర్ అంటే ఇదే, ఇంటర్నెట్ కేబుల్లో ఉండేదీ ఇదే.

ఈ పోగుతో కణితిని ఎలా గుర్తుపడతారన్నది ఇవాళ్టి విషయం. దాంట్లోకి వెళ్లేముందు ఒక అపోహ తీసేయాలి. ఇలాంటి పరిశోధనల గురించి వార్త వచ్చిందంటే, "వెంట్రుకంత తీగతో క్యాన్సర్ ఇట్టే పట్టేస్తారు" అని హెడ్డింగ్ పెడతారు. అది చదివి మా బంధువు ఒకాయన ఫోన్ చేశారు. "నీ దగ్గర ఉందిగా ఆ మిషను, ఒకసారి ఒళ్లంతా చూసిపెట్టరాదూ?" అన్నారు. (నవ్వులు) చూడలేనండి. ఫైబర్‌కి ఒళ్లంతా కనపడదు. దాని చూపు మొన ముందు ఒకటి రెండు మిల్లీమీటర్లు, మహా అయితే కొన్ని మిల్లీమీటర్లు. ఒంట్లో ఎక్కడ గడ్డ ఉందో వెతికే పని సీటీది, ఎమ్మారైది, మామోగ్రామ్‌ది, అల్ట్రాసౌండ్‌ది. వాటి పని అయ్యాక మాది మొదలవుతుంది. గడ్డ ఎక్కడుందో తెలిసింది, డాక్టర్ సూది పట్టుకుని లోపలికి వెళ్లారు. ఇప్పుడు ఆ మొన గడ్డలో ఉందా, గడ్డ పక్కన ఉందా? కత్తి ఆగిన చోటికి క్యాన్సర్ అయిపోయిందా, ఇంకా కాస్త మిగిలిందా? ఫైబర్ జవాబు చెప్పాల్సిన ప్రశ్న ఇంతే.

ఇంత చిన్న ప్రశ్న కోసం ఇంత హడావుడి ఎందుకంటారా? రొమ్ము క్యాన్సర్‌లో రొమ్మంతా తీయకుండా గడ్డ వరకే తీసే ఆపరేషన్ ఉంది. సర్జన్ గడ్డతో పాటు చుట్టూ కాస్త మంచి కండ కూడా కలిపి తీస్తారు. ఆ ముక్క పెథాలజీకి వెళ్తుంది. అక్కడ దాని అంచులకి రంగు సిరా పూస్తారు, ఫార్మలిన్‌లో నానబెడతారు, మైనంలో దించి, పల్చటి పొరలుగా కోసి, రంగులద్ది మైక్రోస్కోపు కింద పెడతారు. సిరా పూసిన అంచు మీదే క్యాన్సర్ కణాలు కనిపిస్తే లోపల ఇంకా మిగిలి ఉండొచ్చని అర్థం. ఆ సంగతి తెలిసేసరికి రోజులు గడిచిపోతాయి. పేషెంట్ ఇంటికెళ్లిపోయి, కుట్లు మానుతూ ఉంటాయి. అప్పుడు ఫోన్ చేసి "మళ్లీ రావాలమ్మా" అని చెప్పాలి. చాలా అధ్యయనాల్లో ఐదుగురిలో ఒకరి దాకా ఈ రెండో ఆపరేషన్ అవసరం పడింది.

ఆపరేషన్ మధ్యలోనే ముక్కని గడ్డకట్టించి చూసే పద్ధతి లేకపోలేదు. ఫ్రోజెన్ సెక్షన్ అంటారు. దానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. పైగా కొవ్వు సరిగా గడ్డకట్టదు, కోస్తే పొర చిరిగిపోతుంది. రొమ్ములో ఉండేది ఎక్కువ కొవ్వే.

మరి ఇన్నేళ్లూ సర్జన్లు దేన్ని నమ్ముకున్నారు? వేలిని. కణితి చాలాసార్లు చుట్టూ ఉన్న కండ కంటే గట్టిగా ఉంటుంది, వేలికి తగులుతుంది. వేలిని మించిన సెన్సర్ ఇంకా ఎవరూ చేయలేదని నేనంటాను. కానీ చిన్న రంధ్రాల్లోంచి చేసే లాపరోస్కోపీ వచ్చింది, రోబో వచ్చింది. వేలు బయటే ఉండిపోయింది. లోపల ఉన్నది పొడవాటి స్టీలు కడ్డీ. దాని మొన కళ్లు లేనిది, స్పర్శ లేనిది. దానికి చూపు కావాలంటే అంత సన్నటి దారిలో పట్టేది ఏదైనా ఉండాలి. గాజు పోగు పడుతుంది.

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్తాను, నాకిష్టం కాబట్టి. ధారగా పడుతున్న నీటిలో కాంతి వంగుతూ వెళ్లడాన్ని 1854లో జాన్ టిండాల్ లండన్‌లో సభలో చూపించాడు. అంతకు ముందే జెనీవాలో కొలాడన్ అనే శాస్త్రవేత్త చూపించాడు. పోగుల కట్టతో బొమ్మని ఒక చివర నుంచి ఇంకో చివరకి పంపవచ్చని 1954లో హాప్కిన్స్, మన నరీందర్ సింగ్ కపానీ నేచర్ పత్రికలో రాశారు. అయితే ఒట్టి గాజు పోగులు ఒకదానికొకటి తగిలితే కాంతి పక్క పోగులోకి కారిపోతుంది. మిషిగన్‌లో లారీ కర్టిస్ అనే కుర్రవాడు, ఇంకా విద్యార్థే, గాజు కడ్డీని వేరే రకం గాజు గొట్టంలో దూర్చి, రెండింటినీ కలిపి కరిగించి పోగు లాగాడు. లోపలి గాజు కోర్, బయటిది క్లాడింగ్. బయటి గాజు వక్రీభవన గుణకం కాస్త తక్కువ. అందుకని కోర్‌లో వెళ్లే కాంతి గోడకి తగిలినప్పుడల్లా మళ్లీ లోపలికే తిరుగుతుంది. స్కూల్లో చదివిన సంపూర్ణాంతర పరావర్తనమే. ఆ పోగులతో చేసిన గొట్టాన్ని 1957లో హిర్షోవిట్జ్ అనే డాక్టర్ ముందు తన గొంతులోంచే దించుకుని చూసుకున్నాడు, తరవాతే పేషెంట్‌కి పెట్టాడు.

ఫోన్ మాటలు ఫైబర్‌లో పంపవచ్చని చార్లెస్ కావ్, హాకమ్ లెక్కగట్టింది 1966లో. కార్నింగ్ అనే గాజు కంపెనీ వాళ్లు అందుకు సరిపడే శుభ్రమైన గాజు తీసింది 1970లో. అంటే ఈ పోగు టెలిఫోన్లోకి రాకముందే ఆసుపత్రిలోకి వచ్చింది. అందరూ తిరగేసి అనుకుంటారు.

ఇంకో తమాషా ఉంది. ఫైబర్ వంగితే కాంతి కారుతుంది, వేడెక్కితే సిగ్నల్ మారుతుంది, సాగితే మారుతుంది, చివర ఏదైనా అంటుకుంటే మారుతుంది. ఫోన్ కంపెనీ ఇంజనీరుకి ఇవన్నీ తలనొప్పులు. సెన్సర్ చేసేవాడికి ఆ తలనొప్పులే జీవనాధారం.

సరే, మీ ఫోన్ టార్చ్ వేసి, దాని మీద చూపుడు వేలు పెట్టండి. అందరూ పెట్టండి. ఏం రంగు? ఎరుపు. టార్చ్ తెల్లటిది కదా, ఎరుపెందుకొచ్చింది? ఆకుపచ్చ, నీలం కాంతిని రక్తంలో హిమోగ్లోబిన్ మింగేసింది. ఎరుపుని పెద్దగా ముట్టుకోదు, అది బయటపడింది. ఇంకొకటి గమనించండి, వేలంతా దీపంలా వెలిగిందే తప్ప లోపల ఎముక నీడ కనపడలేదు. కాంతి లోపల తిన్నగా పోదు. కణాల గోడలకీ, కేంద్రకాలకీ, కొల్లాజెన్ పోగులకీ తగిలి తగిలి దారి మార్చుకుంటూ తిరుగుతుంది. దీన్నే పరిక్షేపణం అంటారు. కొంత కాంతిని మింగడం, కొంత కాంతిని చెదరగొట్టడం. ఈ రెండిట్లో కణితి తీరు వేరు, మంచి కండ తీరు వేరు. కణితికి కొత్త రక్తనాళాలు పుట్టుకొస్తాయి, కణాలు కిక్కిరిసి ఉంటాయి, కేంద్రకాలు పెద్దవవుతాయి. రొమ్ములోనైతే కొవ్వు ఉన్న చోటుని కణితి ఆక్రమిస్తుంది.

అందుకని అన్నిటికంటే సులువైన ప్రోబ్ ఇలా ఉంటుంది. సూదిలో రెండు ఫైబర్లు. ఒకదాంట్లోంచి తెల్లటి కాంతి లోపలికి, రెండోదాంట్లోంచి తిరిగొచ్చిన కాంతి బయటికి, అక్కడ ఏ రంగు కాంతి ఎంత ఉందో కొలిచే స్పెక్ట్రోమీటర్. తెరమీద ఒక గీత వస్తుంది, రంగుని అందులో తరంగదైర్ఘ్యంగా, నానోమీటర్లలో చెప్తాం. ఆక్సిజన్ ఉన్న రక్తమైతే ఆ గీతలో 542, 577 నానోమీటర్ల దగ్గర రెండు పల్లాలు. ఆక్సిజన్ లేనిదైతే ఆ రెండూ కలిసి ఒకే పల్లం. కొవ్వుకి 1210 దగ్గర ఒక పల్లం, నీటికి 970 దగ్గర ఒకటి. సూది రొమ్ములో ముందుకి వెళ్తుంటే కొవ్వు పల్లం లోతుగా ఉంటుంది. గడ్డలోకి దిగేసరికి ఆ పల్లం పూడుకుపోతుంది, నీటి పల్లం పెరుగుతుంది. ఫైబర్ల మధ్య దూరం ఎంతో, అందులో సుమారు సగం లోతు దాకా చూస్తుందని మోటు లెక్క. ఎడం పెంచితే లోతు పెరుగుతుంది, కానీ సిగ్నల్ సన్నగిల్లుతుంది, సూది లావవుతుంది.

చెప్పడానికి ఇంత బాగుంది కదా. చేసేటప్పుడు చూడాలి. కొత్తలో నేను ప్రోబ్‌ని నా ముంజేతి మీదే పెట్టుకుని పరీక్షించేవాణ్ణి. పెట్టిన ప్రతిసారీ హిమోగ్లోబిన్ లెక్క మారిపోయేది. అదే చెయ్యి, అదే చోటు. మూడు రోజులు ప్రోగ్రాంలో తప్పు వెతికాను. తప్పు నా చేతిలో ఉంది. గట్టిగా నొక్కితే మొన కింద రక్తం పక్కకి తప్పుకుంటుంది. గోరు నొక్కితే తెల్లబడుతుంది చూడండి, అదే. ఒక్కోసారి ఒక్కో బలంతో నొక్కుతున్నాను. ఇక సర్జన్ నొక్కే బలం, ఆ సర్జన్ అసిస్టెంట్ నొక్కే బలం ఒకటవుతాయా?

ఇంకోసారైతే ఏకంగా కనిపెట్టేశాననుకున్నాను. గీతలో 546 నానోమీటర్ల దగ్గర సూదిలాంటి శిఖరం ఒకటి లేచింది. ఏ పుస్తకంలోనూ లేదు. రెండు రోజులు నిద్ర పట్టలేదు. మూడో రోజు స్వీపింగ్ కోసం వచ్చినతను వెళ్తూ వెళ్తూ లైటు తీసేశాడు. శిఖరం మాయం! అది ట్యూబ్‌లైట్‌లో పాదరసం కాంతి. (నవ్వులు) నవ్వండి, పర్లేదు. కానీ ఆపరేషన్ థియేటర్ దీపం మా గది ట్యూబ్‌లైట్ కంటే ఎన్నో రెట్లు వెలుగు. కొలిచేటప్పుడు దాన్ని ఆర్పమంటే సర్జన్ ఒప్పుకుంటారా? పొట్ట తెరిచి ఉంది! అందుకని ఇప్పుడు చాలా ప్రోబుల్లో మన దీపాన్ని వెలిగించి ఒకసారి, ఆర్పి ఒకసారి కొలిచి, మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తాం. బయటి వెలుగు రెండింటిలోనూ ఉంటుంది కాబట్టి కొట్టుకుపోతుంది.

రెండో రకం, మెరిపించి చూడటం. మెదడు కణితుల్లో 5-ఏఎల్ఏ అనే మందు వాడతారు. ఆపరేషన్‌కి కొన్ని గంటల ముందు నీళ్లలో కలిపి తాగిస్తారు. గ్లయోమా అనే దుష్ట కణితుల కణాలు దాన్ని పోర్ఫిరిన్ అనే మెరిసే పదార్థంగా మార్చి దాచుకుంటాయి. 405 నానోమీటర్ల నీలి కాంతి వేస్తే అది 635 దగ్గర ఎర్రగా మెరుస్తుంది. అమెరికాలో దీనికి 2017లో అనుమతి వచ్చింది, యూరప్‌లో అంతకు పదేళ్ల ముందే. సర్జన్ మైక్రోస్కోపులోంచి ఎర్రగా కనపడేదాన్నల్లా తీస్తారు. చిక్కు అంచు దగ్గర వస్తుంది. అక్కడ క్యాన్సర్ కణాలు పల్చగా, మంచి కణాల మధ్య చెల్లాచెదురుగా ఉంటాయి. ఎరుపు కాస్తా లేత గులాబీ అవుతుంది, ఇంకా పల్చబడితే కంటికే ఆనదు. కన్ను ఆగిపోయిన చోట ఫైబర్ ప్రోబ్ మొన ఆనిస్తే, ఎంత మెరుపు ఉందో అంకెలో చెప్తుంది. నా లెక్కలో ఇది ఫైబర్ చేయగల పనుల్లో చాలా నికార్సయినది, ఎందుకంటే పని ఎక్కడ మొదలవుతుందో స్పష్టంగా తెలుసు.

మందేమీ తాగించకుండా చూడాలంటే రామన్ ఉంది. సర్ సి.వి. రామన్ 1928 ఫిబ్రవరి 28న చూసినదే. అణువుకి తగిలి చెదిరిన కాంతిలో అతి కొద్ది భాగం రంగు మార్చుకుని వస్తుంది. ఏ అణువైతే ఆ అణువు ముద్ర దాంట్లో ఉంటుంది. కొవ్వుకొకటి, ప్రోటీనుకొకటి, డీఎన్ఏకొకటి. కానీ అది సుమారుగా కోటిలో ఒకటి. ఆ ఒక్కదాన్ని పట్టుకోవాలంటే మిగతా కోటినీ వడపోయాలి. దానికి తోడు, ఫైబర్ కూడా గాజే కదా, దాని రామన్ ముద్ర దానికుంటుంది. కాంతి మీటర్ల కొద్దీ గాజులో ప్రయాణించి, అర మిల్లీమీటరు కండలో తిరిగి వస్తుంది. వచ్చే సిగ్నల్లో గాజు గోలే ఎక్కువ. సంతలో గుసగుస వినడం లాంటిది. అందుకే రామన్ ప్రోబ్ మొన దగ్గర, ఫైబర్ చివరన, ఆవగింజలో సగం కూడా లేని ఫిల్టర్లు అతికిస్తారు. మాంట్రియల్‌లో ఇలాంటి ప్రోబ్‌ని మెదడు ఆపరేషన్లలోనే వాడి చూసి 2015లో ఫలితాలు ప్రచురించారు. క్యాన్సర్ ఉన్న చోట్లలో 93 శాతం సరిగా పట్టుకుంది, లేని చోట్లలో 91 శాతం సరిగా లేదని చెప్పింది. చాలా మంచి అంకెలు. అయితే తిప్పి కూడా చదవండి. క్యాన్సర్ ఉన్న వంద చోట్లలో ఏడు తప్పిపోయాయి. క్యాన్సర్ లేని వంద చోట్లలో తొమ్మిదింటిని కణితి అంది, ఆ తొమ్మిదీ మెదడు. ఒక చోటు మాటకి సంబంధించింది కావచ్చు, ఒకటి చేతి కదలికకి. యంత్రం చెప్పిందని తీసేయలేం.

పీహెచ్, అంటే పులుపు కొలత (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ). ఆ పద్ధతి నాకు ముచ్చటగా అనిపిస్తుంది. క్యాన్సర్ కణం చక్కెరని మంచి కణంలా పూర్తిగా వాడుకోదు, ఆక్సిజన్ ఉన్నా సగంలో ఆపి లాక్టిక్ యాసిడ్ చేస్తుందని 1920లలో ఓటో వార్బర్గ్ గమనించాడు. ఆ యాసిడ్‌ని కణం బయటికి నెట్టేస్తుంది. అందువల్ల కణితిలో కణాల చుట్టూ ఉండే ద్రవం మామూలుగా ఉండే 7.4 కంటే పుల్లగా ఉంటుంది. ఆస్ట్రేలియాలో అడిలైడ్ పరిశోధకులు ఫైబర్ మొనకి పీహెచ్‌ని బట్టి మెరుపు మారే రంగు పూశారు. తీసిన రొమ్ము ముక్క అంచుకి ఆనిస్తే మంచిదో కాదో చెప్పేలా చేసి 2016లో ప్రచురించారు. అది చేసింది కోసి బయటికి తీసిన ముక్కల మీద, మనిషి లోపల కాదు.

రక్తంలో క్యాన్సర్ గుర్తుల్ని పట్టే ఫైబర్లు కూడా ఉన్నాయి. పోగుకి పల్చటి బంగారు పూత పూసి, దాని మీద యాంటీబాడీలు అతికిస్తారు. కావాల్సిన ప్రోటీన్ వచ్చి అంటుకుంటే కాంతి తీరు మారుతుంది. పరిశోధన పత్రాలు కుప్పలు తెప్పలుగా ఉన్నాయి. శుభ్రమైన ఉప్పు ద్రావణంలో అద్భుతంగా పనిచేస్తాయి. నిజమైన రక్తంలో పెడితే అడ్డమైన ప్రోటీన్లన్నీ వచ్చి అంటుకుంటాయి. దీని మీద ఇంతకంటే టైమ్ పెట్టను.

వేలి సంగతి చెప్పాను కదా, దాని దగ్గరికి మళ్లీ వద్దాం. ఫైబర్ బ్రాగ్ గ్రేటింగ్ అని ఒకటుంది. అల్ట్రావయొలెట్ లేజర్‌తో కోర్ లోపల అర మైక్రాన్ ఎడంలో వేల గీతలు గీస్తారు. నిజంగా గీయరు, గాజు వక్రీభవన గుణకం ఆ చోట కాస్త మారుతుంది. ఈ గీతల వరస ఒక్క రంగు కాంతిని మాత్రం వెనక్కి పంపుతుంది, ఉదాహరణకి 1550 నానోమీటర్లు. పోగు సాగితే గీతల ఎడం పెరుగుతుంది, తిరిగొచ్చే రంగు జరుగుతుంది. పది లక్షల్లో ఒక వంతు సాగినా సుమారు 1.2 పికోమీటర్లు (పికోమీటరంటే నానోమీటరులో వెయ్యో వంతు) జరుగుతుంది. దాన్ని కొలవగలం. సూది మొనలో దీన్ని అమర్చితే ఏ కండలో ఎంత అడ్డుపడుతోందో, ఎక్కడ గట్టిదనం మొదలైందో తెలుస్తుంది. ఇక్కడ ఒక మోసం ఉంది. ఒక్క డిగ్రీ వేడి మారినా అదే రంగు 10 పికోమీటర్లు జరుగుతుంది. చల్లటి గదిలోంచి వెచ్చటి ఒంట్లోకి వెళ్లిన సూదికి, ఏమీ తగలకపోయినా గట్టి గడ్డ తగిలినట్టే ఉంటుంది. అందుకని రెండో గ్రేటింగ్‌ని వదులుగా, ఏ బలమూ తగలకుండా పక్కన పెడతారు. అది వేడిని మాత్రమే చెప్తుంది. దాన్ని తీసేస్తే మిగిలింది బలం.

ఈ మోసమే ఇంకోచోట వరం. కాలేయంలో కణితిని లేజర్‌తోనో మైక్రోవేవ్‌తోనో కాల్చేటప్పుడు, కణితి అంచు దాకా 60 డిగ్రీలు చేరిందా, పక్కనున్న పిత్తనాళం వేడెక్కుతోందా అని తెలియాలి. ఒకే పోగు మీద పది గ్రేటింగులు వరసగా పెట్టి పది చోట్ల వేడి చదవొచ్చు. లోహం కాదు కాబట్టి ఎమ్మారై లోపల కూడా పనిచేస్తుంది.

ఇన్ని ఉన్నాయి, ఆసుపత్రిలో ఎందుకు కనపడవు అని అడుగుతారు. అసలు కష్టం కాంతిలో లేదు, పోల్చడంలో ఉంది. ఫైబర్ ఒక మిల్లీమీటరు చుక్కని చూసి 'కణితి' అంది. నిజమా కాదా చెప్పాల్సింది పెథాలజిస్ట్. ఆయన చూసే ముక్క ఫార్మలిన్‌లో నాని ముడుచుకుపోయి, కోతకి అడ్డంగానో నిలువుగానో తిరిగిపోయి ఉంటుంది. మా చుక్క అందులో ఎక్కడ? సిరా చుక్క పెడతాం, దారంతో కుట్టి గుర్తు పెడతాం, అక్కడే కోర్ బయాప్సీ, అంటే సూదితో సన్నటి ముక్క, తీస్తాం. అయినా ఒక మిల్లీమీటరు తేడా వచ్చిందంటే ఫైబర్ తప్పా, మా గుర్తు తప్పా తేలదు. కంప్యూటర్‌కి నేర్పిస్తే సరిపోతుందంటారు కొందరు. ఒకే చోట ఒకే ప్రోబ్‌తో తీసిన డేటా ఇస్తే, అది కణితికి బదులు మన ప్రోబ్‌ని నేర్చుకుంటుంది. వేరే ప్రోబ్ తగిలించగానే తికమకపడుతుంది. దీనికి తోడు, మొనకి రక్తపు పొర అంటితే అది చూసేది రక్తాన్నే. తుడవాలి, మళ్లీ పెట్టాలి. ప్రతి పేషెంట్‌కీ స్టెరిలైజ్ చేయాలి. ఆటోక్లేవ్ ఆవిరికి కొన్ని జిగుర్లు ఊడిపోతాయి.

నేను ఈ రంగంలో అందరికంటే ముందు వాడుకలోకి వస్తుందని ఆశపడుతున్నది ఏంటో చెప్తాను. అది కణితిని గుర్తించేది కూడా కాదు. మెదడు బయాప్సీ సూదిలో ఫైబర్ పెట్టి, ఓసీటీ అనే, కాంతితో లోపలి పొరల బొమ్మ తీసే పద్ధతిలో దారిలో రక్తనాళం అడ్డుగా ఉందేమో చూసే సూది. ఆస్ట్రేలియాలోనే ఆపరేషన్ల సమయంలో మనుషుల్లో పరీక్షించి 2018లో ప్రచురించారు. మెదడులో సూది నాళానికి తగిలితే ప్రాణం మీదికి వస్తుంది. 'ముందు నాళం ఉంది, ఆగు' అని చెప్పడానికి క్యాన్సర్ జ్ఞానం అక్కర్లేదు. ప్రశ్న ఎంత చిన్నదైతే ఫైబర్ అంత బాగా జవాబు చెప్తుంది.

ఇక ప్రశ్నలుంటే అడగండి.

బయాప్సీ ఇక అక్కర్లేదా అని అడుగుతున్నారు. అక్కర్లేకపోవడం కాదండి, సరైన చోటు నుంచి తీయడానికి ఇది పనికొస్తుంది. రొమ్ము క్యాన్సర్ అని తెలిస్తే చాలదు. కణాల మీద హార్మోన్ రిసెప్టర్లు ఉన్నాయా, హెర్2 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉందా, వీటిని బట్టి మందు మారుతుంది. దానికి కణం చేతికి రావాలి. ఇప్పుడు కొన్నిసార్లు సూది వేసినా చాలినంత కణజాలం రాక మళ్లీ వేయాల్సి వస్తుంది. మొనకి చూపుంటే ఆ రెండో పోటు తగ్గొచ్చు.

ఈ కాంతితో హాని ఉందా? ఇది ఎక్స్‌రే లాంటిది కాదు. మామూలు తెల్ల కాంతి ప్రోబుల్లో చాలా తక్కువ శక్తి. రామన్ లేజర్ మాత్రం బలమైనదే, ఒకే చోట ఎంతసేపు ఉంచాలో హద్దు పెట్టుకుని వాడతారు. కళ్లలోకి తగలకూడదు, థియేటర్లో అందరికీ కళ్లజోళ్లు పెడతారు.

వెనకాల అమ్మాయి... లోపల విరిగితే? మంచి ప్రశ్న. అందుకే పోగుని ఒట్టిగా ఎప్పుడూ పంపం. స్టీలు సూది గోడకి జిగురుతో అతికి ఉంటుంది, మొన సూది అంచుకి సమంగా అరగదీసి ఉంటుంది, బయటికి పొడుచుకు రాదు. వాడేముందు లాగి చూస్తాం, వాడాక మైక్రోస్కోపు కింద మొన పూర్తిగా ఉందో లేదో చూస్తాం. లేదంటే ఆ ముక్క ఎక్కడుందో తేలేదాకా ఎవరూ కదలకూడదు. అంత సన్నటి గాజు ఎక్స్‌రేలో దొరకడం చాలా కష్టం. అన్నట్టు, ఆ నల్ల కాగితం ఎవరి దగ్గర ఉంది? టేపు ఊడలేదు కదా?